చెయ్యి అందని చోటు

ఆ పొద్దున ఉషారాణి వడియాల కోసం దాచిన బూడిద గుమ్మడికాయను కత్తిపీట దగ్గరికి తెచ్చి, దాన్ని చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాయ ఒక పక్కంతా నున్నగా ఉంది. బూడిద లేదు, నూగు లేదు. పైనుంచి కిందికి ఎవరో పట్టీలు పట్టీలుగా గీసినట్టుంది. రెండు మూడు చోట్ల తోలు లేచి తెల్లటి కండ కనిపిస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గడ్డం సబ్బు వాసన.

"ఏంది ఉషా, కాయతో మాట్లాడుతున్నావా?" వరండాలో తులసిమాల కడుతున్న అత్తగారు కనకమ్మ అడిగింది. ఎనభై దాటినా అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించగలదు ఆమె.

"దీనికి ఎవరో గడ్డం గీసినారు అత్తయ్యా."

కనకమ్మ కాయను ఒళ్ళో పెట్టుకుని తడిమింది. "గడ్డం కాదు, గుండు. ఎలుకల పని అందామంటే, సబ్బు రాసుకునే ఎలుకను నేనెప్పుడూ చూళ్ళేదు."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి తొమ్మిది రోజులైంది.

తొమ్మిది రోజుల కిందట వాళ్ళ ఒక్కగానొక్క కూతురు హరిత రిజిస్ట్రారు ఆఫీసులో నాగేంద్రను పెళ్ళి చేసుకుంది. నాగేంద్రది పుల్లలచెరువు అవతల అడవి పక్క పల్లె. పశువుల ఆసుపత్రిలో సహాయకుడు. తల్లిదండ్రులు పోలమ్మ, అంకన్న గొర్రెలు మేపుకునేవాళ్ళు. హరిత బ్యాంకులో పనిచేస్తూ గొర్రెల బీమా కాగితాల దగ్గర అతన్ని చూసింది. రెండేళ్ళపాటు తండ్రిని బతిమాలింది. మార్కాపురంలో మూడు తరాలుగా పలకల దుకాణం నడిపే ఇంట్లో పుట్టిన పుల్లారావు రెండేళ్ళూ ఒకటే మాట అన్నాడు: "గొర్రెలోళ్ళ ఇంటికా?"

పెళ్ళి దండలతోనే వచ్చి ఇద్దరూ గేటు ముందు నిలబడితే పుల్లారావు గేటు తియ్యలేదు. లోపలికి వచ్చి, కట్టుబట్టలతో బావి దగ్గర తల మీద నీళ్ళు కుమ్మరించుకుని, "ఈ రోజుతో అది పోయింది" అన్నాడు. ఆ రోజు నుంచి బొట్టు పెట్టుకోలేదు, దేవుడి గది గడప తొక్కలేదు, దుకాణం తాళం తియ్యలేదు. చావు మైల ఎట్లా పడతారో అట్లా పట్టాడు. కోపం కదా, పాలపొంగులా తగ్గుతుందని ఉషారాణి అనుకుంది. రోజూ దీపం తనే పెట్టి, చెన్నకేశవస్వామి పటం ముందు ఆయన తరఫున కూడా తనే చెంపలు వేసుకుంది.

పెరట్లో నుంచి టప్, టప్ మని చప్పుడు వినిపించింది. ఉషారాణి వెళ్ళి చూసింది.

పుల్లారావు తోలు బెల్టును కిటికీ కమ్మీకి కట్టి, రెండో కొస ఎడమ చేత్తో లాగి పట్టుకుని, దాని మీద కత్తి రుద్దుతున్నాడు. మడత విప్పితే జానెడు ఉండే మంగలి కత్తి. కుళాయికి ఆనించిన ఫోనులో ఎవరో అట్లాగే రుద్ది చూపిస్తున్నారు. ఆయన ఎడమ ముంజేతి మీద ఒక్క వెంట్రుక లేదు. గాట్లకు అక్కడక్కడా పట్టీలు అంటించి ఉన్నాయి.

"ఏందండీ ఇది?"

"కత్తి. కనపడటం లేదా?"

"కత్తి కనపడుతోంది. ఎందుకని అడుగుతున్నా."

"నేర్చుకుంటున్నా. ముందు కాయ మీద, తర్వాత చేతి మీద. రేపు తల మీద." ఆయన ఆమె వైపు చూడలేదు. "రేపు పదో రోజు."

ఆ మాట అర్థం కావడానికి ఆమెకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక కాళ్ళ కింద బండ చల్లబడినట్టయింది. ఈయన తల గొరిగించుకుని, పదో రోజు నీళ్ళు వదలబోతున్నాడు. ఎవరికి? పుల్లలచెరువు అవతల పొద్దున్నే లేచి బ్యాంకుకు తయారవుతున్న పిల్లకు.

"యల్లయ్యను పిలిచినా," అన్నాడు పుల్లారావు, బెల్టు మీద కత్తి తోస్తూ. "మా నాయన పోయినప్పుడు నాకు గుండు చేసినోడు. దాని పుట్టువెంట్రుకలు తీసినోడు. ఏమన్నాడో తెలుసా? పోయినోళ్ళకైతే ఏ వేళప్పుడు పిలిచినా వస్తానయ్యా, బతికున్న బిడ్డకు నా కత్తి బయటికి తియ్యను, అన్నాడు. నాకే చెప్తాడు! సెలూన్‌కు పోతే ఎవరు పోయినారని అడుగుతారు. అందుకే ఎవరితోనూ పని లేకుండా నా తల నేనే చేసుకుంటా."

"పంతులుగారు ఏమన్నారు?"

"ఆయన ఫోను ఎత్తడంలేదు. ఎత్తకపోతే మానె. చెంబుంది, చెయ్యి ఉంది."

ఉషారాణి చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నేను ఏడో తరగతి దాకా చదివినా. శాస్త్రాలు నాకు తెలవదు. పెద్దోళ్ళు పోతే చిన్నోళ్ళు గుండు చేసుకోవడం చూసినా. బిడ్డకు తండ్రి చేసుకోవడం మాత్రం యాడా చూళ్ళేదు. అది కూడా బతికున్న బిడ్డకు. దేవుడు ఒప్పుకుంటాడా అండీ?"

"దేవుడి సంగతి నాకు వదిలెయ్."

"ఎట్ల వదలమంటారు? రోజూ ఆయన ముందు నిలబడేది నేను."

టప్, టప్ మని బెల్టే మాట్లాడింది.

ఆ రోజంతా ఆమెకు ఒకటే జ్ఞాపకం. హరితకు మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెడితే పిల్ల గిలగిలా కొట్టుకుంది. మేనమామ పట్టుకోలేకపోయాడు. అప్పుడు పుల్లారావే పిల్ల ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చిన్న తలను రెండు అరచేతుల్లో పట్టుకుని, "కదలకు తల్లీ, కదలకు. నేనున్నా" అన్నాడు. చెవి వెనక చిన్న గాటు పడితే పిల్ల కంటే ముందు ఆయనే ఏడ్చాడు.

*

మర్నాడు ఏడింటికి పుల్లారావు పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. గోడ మేకుకు అద్దం తగిలించాడు. బకెట్లో వేడినీళ్ళు, గిన్నెలో సబ్బు నురగ. ముందు కత్తెరతో జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు. వేడినీళ్ళు పోసుకుని బాగా నాననిచ్చాడు. నురగ పూసుకుని, ఎడమ చేత్తో నుదుటి తోలు వెనక్కి లాగి, కత్తిని వాల్చి పెట్టి మెల్లగా లాగాడు. కరకరమని చప్పుడు. యాభై ఆరేళ్ళ జుట్టు నురగతో కలిసి భుజం మీద పడింది.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉషారాణి చూస్తూనే ఉంది. కళ్ళు తిప్పుకోవాలనుకుంది, చేతకాలేదు. అత్తగారు దేవుడి గదిలో సహస్రనామం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా ఇల్లు కూలినా కనకమ్మ బయటికి రాదు, మధ్యలో మాట్లాడదు.

నుదుటి నుంచి నడినెత్తి దాకా బాగానే వచ్చింది. చెవుల పైన మూడు గాట్లు పడ్డాయి. నెత్తి దాటి వెనక్కి వచ్చేసరికి కత్తి ఆగింది. చెయ్యి వంచితే మోచెయ్యి అడ్డం వస్తుంది. అద్దంలో కుడి అనుకున్నది ఎడమ అవుతుంది. ఎంత మెడ తిప్పినా వెనకభాగం కనిపించదు. రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ రక్తం చూశాడు.

"ఉషా, వెనకాల ఒక చెయ్యి వెయ్యి."

"వెయ్యను."

"అద్దమన్నా పట్టుకో."

"పట్టుకోను."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆయన కంటే ఆమే ఎక్కువ అదిరిపడింది. పుల్లారావు సగం గుండుతో తిరిగి చూశాడు. "రక్తం కారుతున్నా చూస్తూ నిలబడతావా?"

"కత్తి కింద పెట్టండి, ఇప్పుడే పసుపు అద్దుతా. అంతేగానీ, నేను కన్నదాన్ని చంపడానికి నన్ను చెయ్యి వెయ్యమంటారా?"

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. మేకు మీది అద్దం లాక్కుని, కత్తి పట్టుకుని, ఇంటి పక్క సందులోంచి ముందు వాకిట్లోకి పోయాడు. అక్కడ స్కూటరు ఉంది. స్కూటరు అద్దంలో ముఖం, చేతి అద్దంలో వెనకభాగం పెట్టి చూసుకుంటే ఎవరి సాయమూ అక్కర్లేదని ఆయన ఆలోచన.

సరిగ్గా అప్పుడే ఎదురింటి పాపమ్మ కూరగాయల బండి ఆపి వంకాయలు ఏరుతోంది. తల ఎత్తి చూసింది. ఒంటి మీద చొక్కా లేదు, భుజాన తడి తువ్వాలు, బోడి నెత్తి, చేతిలో కత్తి. వంకాయలు రోడ్డు మీద దొర్లిపోయాయి.

"అయ్యో! కనకమ్మత్తా! పోయినావా అత్తా! నిన్న సాయంత్రం కూడా నాతో మాట్లాడితివే అత్తా!"

పుల్లారావు నోరు తెరిచాడు. మా అమ్మ పోలేదు అనాలి. అంటే, మరి ఈ గుండు ఎవరికి అని అడుగుతారు. దానికి ఏం చెప్పాలి? తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ ఊళ్ళో తండ్రి లేని మగవాడి తల గొరిగి ఉందంటే, అదీ ఇంటి వాకిట్లో, దానికి ఒకటే అర్థం. ఆయన మౌనం చూసి పాపమ్మ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది.

అరగంటలో వాకిలి నిండింది. దుకాణదారుల వాట్సాప్‌లో దండం పెట్టిన చేతుల బొమ్మలు వరసకట్టాయి. బజారులో రెండు మూడు షట్టర్లు సగానికి దిగాయి. ఎవరో బంతిపూల దండలు తెచ్చారు. ఎవరు ఫోను చేశారో గాని, ఆటోలో ఐస్ పెట్టె కూడా వచ్చి వరండాలో దిగింది. ఉషారాణి ఒక్కొక్కరికీ "లేదమ్మా, బాగానే ఉంది" అని చెబుతుంటే, దుఃఖంలో మతి చలించిందని ఆమెనే పట్టుకుని ఓదార్చారు.

అప్పుడు దేవుడి గది తలుపు తెరుచుకుంది. హారతి పళ్ళెం పట్టుకుని కనకమ్మ బయటికి వచ్చింది. ఏడుపు ఎక్కడిదక్కడ తెగిపోయింది. పాపమ్మ కూర్చున్న చోటే వెనక్కి పడింది.

"ఏందే పాపమ్మా, నా వాకిట్లో కూర్చుని నా పేరు పెట్టి ఏడుస్తున్నావు?"

"అత్తా... నువ్వు... గుండు..."

ఆటో అతను పెట్టె వైపు, ముసలమ్మ వైపు మార్చి మార్చి చూసి, "పెద్దమ్మా, పెట్టె ఉంచాలా, తీసుకపోవాలా?" అని అడిగాడు.

"ఉండనీ నాయనా. ఎండలు ముదిరినాయి, మధ్యాహ్నం కాసేపు పడుకుంటా."

ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. కనకమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె అప్పటికే కొడుకు తల చూసింది. స్కూటరు పక్కన తువ్వాలుతో నెత్తి కప్పుకోబోతున్న కొడుకును కాళ్ళ నుంచి పైదాకా చూసింది.

"నా కాడికి రా."

ఆయన వచ్చాడు.

"మీ నాయన పోయి ఇరవై ఏండ్లాయె. నేను ఇదిగో, హారతి ఇచ్చి వస్తున్నా. ఎవరికిరా ఇది?"

పుల్లారావు నేల చూశాడు. కనకమ్మ కోడలి ముఖం చూసింది. అక్కడ జవాబు దొరికింది. హారతి మంట ఒక పక్కకు వాలి, మళ్ళీ నిలబడింది.

సరిగ్గా ఆ సమయానికే వంటింట్లో ఫోను మోగింది. ఉషారాణి పరుగున పోయి ఎత్తింది.

"అమ్మా..." హరిత గొంతు ఏడుపులో మునిగిపోయి ఉంది. "అమ్మా, అవ్వ... బజారు గ్రూపులో చూసినా... అవ్వ..."

ఏమీ కాలేదు తల్లీ, అవ్వ బాగుంది. ఆ మాట ఉషారాణి నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట చెబితే పిల్ల ఏడుపు ఆగుతుంది. ఏడుపు ఆగితే పిల్ల అక్కడే ఆగిపోతుంది. గేటు మూసే ఉంటుంది.

"రా తల్లీ," అంది. ఫోను పెట్టేసింది.

పటంలో చెన్నకేశవుడు ఎప్పటిలాగే చూస్తున్నాడు. 'అబద్ధం చెప్పలేదు స్వామీ. నిజం కూడా చెప్పలేదు. ఏ పక్కన రాసుకుంటావో నీ ఇష్టం' అని మనసులో అనుకుంది.

జనం ఒక్కొక్కరే పోయారు. మోయడానికి ఇంకొకర్ని తీసుకొస్తానని ఆటో అతను కూడా పోయాడు. పెట్టె వరండాలోనే ఉండిపోయింది. కాసేపటికి యల్లయ్య వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, చెప్పులు గేటు బయటే వదిలి, చంకలో సామాను పెట్టెతో కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, ఎదురుగా కనకమ్మను చూసి మెట్టు మీద కూలబడ్డాడు.

"తల్లీ! మిమ్మల్ని సాగనంపే పనికి వచ్చినానమ్మా."

"నా పని తర్వాత గానీ, ఆ తల చూడు."

యల్లయ్య పుల్లారావు తల చూశాడు. ఎవరూ చెప్పకుండానే ఆయనకు అంతా తెలిసిపోయింది. పక్కనున్న కత్తి తీసుకుని బొటనవేలి గోటి మీద ఆనించి చూశాడు. "బెల్టు మీద అంచు ముందుకు తోసినారయ్యా. వెన్ను ముందు పోవాల. అందుకే తెగింది," అన్నాడు.

గంటన్నర తర్వాత మోటారుసైకిల్ చప్పుడైంది. బండి పూర్తిగా ఆగకముందే హరిత దూకింది. జుట్టు ఊడిపోయి ఉంది, కాళ్ళకు రెండు రకాల చెప్పులు. వరండాలో ఐస్ పెట్టె కనిపించగానే ఆమెకు ఇంకేమీ కనిపించలేదు.

"అవ్వా! నన్ను చూడకుండానే పోయినావా అవ్వా! నా మీద కోపంతోనే పోయినావా!"

ఎవరూ నోరు తెరిచేలోపే పెట్టె మీద పడిపోయింది. పెట్టె మూత అద్దం మీద తల బాదుకుంటోంది. తప్పు చేశానా అని ఉషారాణి అడుగు ముందుకు వేసింది. కానీ ఆమె కంటే ముందు ఇంకొకరు కదిలారు.

పుల్లారావు గోడ పట్టుకుని నిలబడ్డాడు. బతికున్న మనిషి కోసం చావు ఏడుపు ఎట్లా ఉంటుందో పది రోజులుగా తను తలచుకుంటున్నాడే గాని, చెవులతో వినలేదు. ఇప్పుడు విన్నాడు. పాకినట్టే వచ్చి కూతురు భుజం పట్టుకున్నాడు.

"లే తల్లీ. లే. బతికే ఉంది. అవ్వ బతికే ఉంది."

హరిత తల ఎత్తింది. పెట్టె ఖాళీగా ఉంది. దాని వెనక కుర్చీలో అవ్వ కూర్చుని తన వంకే చూస్తోంది. పిల్ల పోయి అవ్వ చేతులు, చెంపలు, మెడ తడిమి చూసింది. అప్పుడు తిరిగి తండ్రి వైపు చూసింది. సగం గుండు, ఎండిన రక్తం చారలు.

"మరి ఇది ఎవరికి నాయనా? అవ్వ ఉంది. అమ్మ ఉంది." ఆమె వేళ్ళు లెక్కపెడుతున్నట్టు ఆగాయి. "నాకా?"

యల్లయ్య పక్కనున్న కత్తి మడిచి పెట్టాడు.

"నాకేనా?"

పుల్లారావు తల వంచుకున్నాడు. అట్లా వంచేసరికి వెనక సగం, నల్లటి జుట్టుతో, చెక్కు చెదరకుండా ఆమెకు కనిపించింది.

"నాకైతే వెనకాల ఎందుకు వదిలేసినావు?"

"చెయ్యి అందలేదు," అన్నాడాయన. ఆ మాటతో ఏడుపు తన్నుకొచ్చింది. పెద్ద మగాడు, చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. "మీ అమ్మను అడిగితే వెయ్యనంది. నేను చెయ్యగూడని పని తల్లీ. సగంలోనే ఆగిపోయింది."

కనకమ్మ కుర్చీలోంచి లేచింది. "ఏడ్చింది చాలు. ఇంట్లో మగోడు సగం తలతో తిరగడానికి లేదు. గుండు పోయినోళ్ళకే కాదు, మొక్కుకు కూడా ఇస్తారు. నా మనవరాలి కాపురం చల్లగా ఉండాలని చెన్నకేశవుడికి నేను మొక్కుకుంటున్నా. యల్లయ్యా, ఇప్పుడు నీ కత్తి తీస్తావా?"

"ఇప్పుడైతే రెండు కత్తులు తీస్తానమ్మా."

"మొక్కేది నువ్వు, తల నాదా అమ్మా?" అన్నాడు పుల్లారావు ముక్కు తుడుచుకుంటూ.

"ఆ తల యాడనుంచి వచ్చిందిరా నీకు? కూర్చో."

పొద్దున చావుకని మొదలుపెట్టిన గుండు మధ్యాహ్నానికి మొక్కు అవుతుందా అని ఉషారాణికి సందేహం కలిగింది. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు స్వామినే అడగాలనుకుంది. ఆయన ఎప్పటిలాగే ఏమీ అనడు. అనకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటుంది.

గేటు బయట నాగేంద్ర హెల్మెట్ చేతిలో పట్టుకుని ఎండలో నిలబడే ఉన్నాడు. "లోపలికి రా నాయనా," అని పిలిచింది ఆమె. అతను పుల్లారావు వైపు చూశాడు. పుల్లారావు అతని వైపు చూడలేదు. పెరట్లోంచి యల్లయ్య తెచ్చిన బకెట్ వైపు చూస్తూ, "నీళ్ళు చల్లారినాయి. వేడివి కావాల," అన్నాడు. నాగేంద్ర చెప్పులు విడిచి, బకెట్ తీసుకుని, ఉషారాణి వెంట వంటింట్లోకి నడిచాడు.

యల్లయ్య కత్తిని తన తోలుపట్టీ మీద నాలుగుసార్లు లాగి, పుల్లారావు వెనక చేరాడు. వెక్కిళ్ళకు పుల్లారావు తల అదురుతూనే ఉంది. "ఇట్ల అదిరితే తెగుతుందయ్యా," అన్నాడు యల్లయ్య.

హరిత తండ్రి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. గాట్లు తగలకుండా ఆ తలను రెండు అరచేతుల్లోకి తీసుకుంది.

"కదలకు నాయనా," అంది. "కదలకు. నేనున్నా."